గుల్లల దిబ్బలో పదివేల ఏళ్ళ లెక్క

లాస్ ఏంజిలిస్ నుంచి పసిఫిక్ తీరం వెంబడి వాయవ్యంగా వెళ్తే వెంచురా రేవు వస్తుంది. ఛానల్ ఐలాండ్స్ నేషనల్ పార్కులోని దీవులకు పడవలు బయల్దేరేది అక్కణ్ణుంచే. పడవ తప్పిపోతుందేమోనన్న హడావిడిలో చాలామంది రేవులోని విజిటర్ సెంటర్ వైపు తొంగి కూడా చూడరు. మీరు వెళ్తే మాత్రం కాస్త ముందే చేరుకుని లోపలికి నడవండి. అక్కడ ఒక మామత్ అస్థిపంజరం నమూనా నిలబెట్టి ఉంది. మామత్ అనగానే కొండంత ఏనుగు మనసులో మెదులుతుంది కదా, దీని వీపు మాత్రం ఇంచుమించు మన తల ఎత్తుకే వస్తుంది.

మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా వంద మీటర్ల పైచిలుకు కిందికి ఉన్నప్పుడు అనకాపా, శాంటా క్రూజ్, శాంటా రోజా, శాన్ మిగెల్ దీవులు నాలుగూ కలిసి ఒకే పెద్ద దీవిగా ఉండేవి. అప్పుడు కూడా అది ఒడ్డుతో అతుక్కుని లేదు. మామత్‌లు ఈదుకుంటూ వచ్చాయి. వేటాడే మృగం లేదు, మేత పరిమితం. తరాలు గడిచేకొద్దీ పొట్టివైపోయాయి. 1994లో శాంటా రోజాలో వాటిలో ఒకదాని అస్థిపంజరం దాదాపు మొత్తంగా దొరికింది.

అదే శాంటా రోజాలో, అంతకు చాలా ముందు 1959లో, ఫిల్ ఓర్ అనే పరిశోధకుడికి అర్లింగ్టన్ స్ప్రింగ్స్ అనే చోట వాగు గట్టులో మనిషి తొడ ఎముకలు కనిపించాయి. సుమారు 13,000 ఏళ్ళ నాటివి. ఉత్తర అమెరికాలో దొరికిన అతి పాత మానవ అవశేషాల్లో అవి ఉన్నాయి. మామత్‌లు కనుమరుగైనదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. మనిషి వచ్చాడు, ఏనుగు పోయింది, ఇంకేం కావాలి సాక్ష్యం అనిపిస్తుంది. కానీ ఈ దీవుల్లో మామత్‌ను మనిషి చంపాడనడానికి ఎముక మీద గాటు గానీ, పక్కన విరిగిన రాతి మొన గానీ ఇంతవరకు దొరకలేదు. అప్పటికే మంచు కరిగి సముద్రం పైకొస్తోంది, దీవి కుంచించుకుపోతోంది. ఆ పొట్టి ఏనుగు ముందు నిలబడి నేను ఒకటే అనుకున్నాను: ఇక్కడి మనుషుల మీద తీర్పు చెప్పేముందు కనీసం వాళ్ళు తిన్న తిండేమిటో చూడాలి.

పడవ ప్రయాణం గంటకు కొంచెం పైన. మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు, నేను. తీరం మసకబారుతుండగా చమురు తోడే ఇనుప వేదికలు ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. ఈ జలసంధి అడుగునుంచి చమురు దానంతటదే ఊరుతూ ఉంటుంది. తారు గడ్డలుగా తేలి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. తారుకు ఈ కథలో పెద్ద పాత్రే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. నడిమధ్యలో డాల్ఫిన్లు గుంపుగా పడవ ముక్కు కిందికి చేరి పరుగు పందెం పెట్టుకున్నాయి. మా మనవరాలు కమ్మీ వదలనంది.

శాంటా క్రూజ్ ఈ దీవులన్నిటిలో పెద్దది, దాదాపు 250 చదరపు కిలోమీటర్లు. మేం దిగినది స్కార్పియన్ అనే చిన్న రేవులో. ఒకప్పుడు అక్కడ స్వాఖిల్ అనే ఊరుండేది. ఈ దీవుల వాళ్ళు చుమాష్ జాతివారు. వాళ్ళ భాషలో శాంటా క్రూజ్ పేరు లిమూ. ఇప్పుడక్కడ పాత గొర్రెల ఫారం ఇళ్ళు, యూకలిప్టస్ చెట్లు, క్యాంపు వేసుకునే చోటు తప్ప దుకాణం లేదు, హోటలు లేదు. తినేది తీసుకెళ్ళాలి, చెత్త వెనక్కి తెచ్చుకోవాలి.

కాలిబాట పక్కన వానకు గట్టు కోసుకుపోయిన చోట నేల రంగు మారింది. చుట్టూ పసుపుపచ్చని మట్టి, మధ్యలో మోకాలి ఎత్తున నల్లటి పొర. దగ్గరికెళ్ళి కూర్చుంటే ఆ నలుపంతా బూడిద, బొగ్గు, కుళ్ళిన తిండి కలిసి అయిన మట్టి అని తెలుస్తుంది. అందులో లెక్కలేనన్ని పెంకులు. ఆలిచిప్పల ముక్కలు నీలం, ఊదా కలిసిన రంగులో ఇంకా మెరుస్తున్నాయి. వాటి మధ్య అరచేతి వెడల్పు గుల్ల ఒకటి సగం బయటికొచ్చి ఉంది. లోపలివైపు ముత్యపు నిగారింపు, అంచున వరసగా చిన్న చిన్న రంధ్రాలు. అది అబలోన్, బండకు అతుక్కుని బతికే పెద్ద సముద్రపు నత్త. ఇంకాస్త పరికించి చూస్తే సన్నని సూదుల్లాంటివి ఉన్నాయి, అవి సీ అర్చిన్ అనే సముద్రపు జీవి ముళ్ళు. ఒకచోట పెసరగింజంత చేప వెన్నుపూస. మాతో వచ్చిన వాలంటీర్ గైడ్ ముందే చెప్పింది, గట్టు మీద కాలు పెట్టొద్దు, ఏదీ ముట్టుకోవద్దు అని. మా మనవరాలు నా పక్కన చతికిలబడి, "అమ్మమ్మా, ఇవన్నీ ఎవరు తిని పారేశారు?" అంది. ఒక ఊరు ఊరంతా, కొన్ని వందల ఏళ్ళపాటు, అన్నాను. అది నమ్మలేదు.

ఇలాంటి దిబ్బలు ఈ దీవుల్లో వందల సంఖ్యలో ఉన్నాయి. శాన్ మిగెల్‌లోని డైసీ కేవ్ అనే గుహలో పదకొండు వేల ఏళ్ళ కిందటి నుంచి పొర మీద పొర పేరుకుని ఉంది. జాన్ ఎర్లాండ్సన్, టోర్బెన్ రిక్, టాడ్ బ్రాయే వంటి పురావస్తు పరిశోధకులు ఏళ్ళ తరబడి చేసిన పనేమిటంటే, ఈ దిబ్బల్లో పొరపొరకూ దొరికే గుల్లల్ని కొలవడం, ఎముకల్ని వేరుచేసి లెక్కపెట్టడం. వినడానికి చప్పగా ఉంటుంది. కానీ ఒక సముద్రం పదివేల ఏళ్ళలో ఎలా మారిందో ఇంత వివరంగా చెప్పగల చోట్లు ప్రపంచంలో ఎన్నో లేవు.

ఆ కొలతలు చెప్పే మొదటి సంగతి: మనిషి చెయ్యి పడింది. పైపొరల్లోకి వచ్చేకొద్దీ ఆలిచిప్పలు, బండలకు అంటుకునే లింపెట్లు, ఎర్ర అబలోన్‌లు సగటున చిన్నవవుతూ వచ్చాయి. పెద్దవి ముందు ఏరుకుంటే చిన్నవి మిగులుతాయి. సముద్రపు నీటి చలువ హెచ్చుతగ్గులు కొంత కారణమే గానీ, జనం పెరగడంతో పాటు గుల్ల చిన్నదవడం దాచినా దాగేది కాదు. ఆదివాసులు ప్రకృతికి చిన్నమెత్తు హాని చేయకుండా బతికారని మనం ముచ్చటగా చెప్పుకునే మాట ఈ దిబ్బల ముందు నిలవదు. ఆ మాట వాళ్ళకు గౌరవం కూడా కాదని నా అభిప్రాయం. ఆకలి, ఆలోచన, పొరపాటు, దిద్దుబాటు ఉన్న మనుషుల్ని బొమ్మలుగా మార్చేస్తుంది.

రెండో సంగతి ఇంకా ఆశ్చర్యం. అబలోన్‌కు మనిషికన్నా పెద్ద శత్రువు సముద్రపు నీటికుక్క. అది రోజుకు తన బరువులో నాలుగో వంతు దాకా తింటుంది, తినేది ఎక్కువగా అబలోన్‌లు, అర్చిన్లు, పీతలు. నీటికుక్కలు నిండుగా ఉన్నచోట అబలోన్‌లు బండల పగుళ్ళలో దాక్కుని బతకాల్సిందే, మనిషి చేతికి అందేంత పెద్దవి విరివిగా దొరకవు. మరి ఈ దిబ్బల్లో వేల ఏళ్ళపాటు పెద్ద అబలోన్ గుల్లలు రాశులుగా ఎలా వచ్చాయి? ఎర్లాండ్సన్ బృందం 2005లో చెప్పిన సమాధానం ఇది: దీవుల వాళ్ళు బొచ్చు కోసం నీటికుక్కల్ని వేటాడి, ఊళ్ళ దగ్గరి సముద్రంలో వాటి సంఖ్య పెరగనివ్వలేదు. వాటి ఎముకలు కూడా దిబ్బల్లో ఉన్నాయి. అంటే అబలోన్‌లు దండిగా ఉన్న ఆ తీరం మనిషి ప్రమేయంతో తయారైనదే.

దీనికో ప్రమాదం ఉంది. నీటికుక్క తగ్గితే అర్చిన్లు పెరుగుతాయి, అవి కెల్ప్ నాచును మొదళ్ళతో సహా కొరికేస్తాయి. నీళ్ళ కింద ముప్ఫై మీటర్ల ఎత్తుకు పెరిగే ఆ నాచు అడవి పోతే దాని నీడన పెరిగే చేపా పోతుంది. అల్యూషియన్ దీవుల్లో అలా జరిగిన ఆనవాళ్ళు ఉన్నాయి. ఇక్కడ మాత్రం అడవి మొత్తంగా కూలలేదు. షీప్‌హెడ్ అనే చేప, ముళ్ళ లాబ్‌స్టర్ కూడా అర్చిన్లను తింటాయి, మనుషులూ తిన్నారు. శాన్ మిగెల్ దిబ్బల్లో కొన్నిచోట్ల పలుచటి పొర ఒకటి నిండా అర్చిన్ ముళ్ళే. బహుశా అక్కడ కొంతకాలం లెక్క తప్పి, మళ్ళీ దారిలో పడి ఉంటుంది.

బాతు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. చెండైటీస్ అని ఒక సముద్రపు బాతు ఈ తీరంలో ఉండేది. పెద్దబాతంత ఒళ్ళు, చిట్టి రెక్కలు, ఎగరలేదు. లోయ్ మిల్లర్ అనే శాస్త్రవేత్త 1925లో దాన్ని మొదటిసారి వర్ణించాడు. నేల మీద గూడు పెట్టుకునే, ఎగరలేని, కండ ఉన్న పక్షి దగ్గరికి ఆకలిగొన్న మనిషి వస్తే ఏమవుతుందో మనకు తెలుసు. న్యూజీలాండ్‌కు మావోరీల పూర్వీకులు పదమూడో శతాబ్దంలో చేరాక మోవా పక్షులన్నీ రెండు వందల ఏళ్ళు తిరక్కుండానే అంతరించాయి. చెండైటీస్ కూడా అంతే త్వరగా పోయి ఉంటుందని అనుకునేవారు. 2008లో టెర్రీ జోన్స్, ఆయన సహచరులు ఎముకల వయసులన్నీ ఒకచోట చేర్చి చూస్తే లెక్క వేరుగా తేలింది. మనిషి ఆ బాతును దాదాపు 8,000 ఏళ్ళు వేటాడాడు. అది సుమారు 2,400 ఏళ్ళ కిందటి దాకా బతికే ఉంది. మనుషులు కొద్దిమందే ఉండటం, ఒడ్డుకు దూరంగా అలల మధ్య రాతి తిప్పలుండటం దాన్ని అంతకాలం కాపాడి ఉంటాయి.

చివరికి పోయింది, అందులో మనిషి భాగం ఉంది. ఆ నష్టాన్ని చిన్నది చేయను. కానీ 8,000 ఏళ్ళు అన్న అంకె పక్కన ఇంకో అంకె పెట్టుకోవాలి. ఉత్తర పసిఫిక్‌లో స్టెల్లర్ సముద్రపు ఆవును యూరప్ నావికులు చూసింది 1741లో, అది అంతరించింది 1768లో. ఇరవై ఏడేళ్ళు.

బాతు తగ్గాక, గుల్ల చిన్నదయ్యాక చుమాష్‌లు ఏం చేశారన్నది నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చిన భాగం. వాళ్ళు లోతు నీళ్ళకు మళ్ళారు. సుమారు 2,500 ఏళ్ళ కిందట గుల్లను గుండ్రంగా చెక్కిన గాలం వాడుకలోకి వచ్చింది. తర్వాత కొన్ని శతాబ్దాలకు టోమోల్ అనే పలకల పడవ. దీవిలో పడవకు పనికొచ్చే చెట్టు లేదు. ఉత్తరాన వరదకు కొట్టుకొచ్చిన రెడ్‌వుడ్ దుంగల్ని ఒడ్డున పట్టుకుని, పలకలుగా చీల్చి, సొరచేప చర్మంతో నునుపు చేసి, అంచుల్లో బెజ్జాలు వేసి నారతాడుతో కుట్టేవారు. సందుల్లో పైన్ బంకా తారూ కలిపి పూసేవారు. ఈ ప్రాంతంలో ఊరే తారుకు ఇదీ పాత్ర. మన కోరమాండల్ తీరాన మసూలా పడవలు కూడా మేకు లేకుండా కొబ్బరితాడుతో కుట్టినవే కదా. అలల దెబ్బకు వంగి నిలిచే పడవ కావాలంటే కుట్టుకు మించినది లేదని ఇద్దరికీ తెలిసింది. టోమోల్ వచ్చాక దిబ్బల్లో చేప ఎముకలు ఒక్కసారిగా పెరిగాయి. రాక్‌ఫిష్, షీప్‌హెడ్, సార్డిన్ వంటివే కాక ట్యూనా, కత్తిచేప కూడా. గుల్ల మీద భారం కొంత తగ్గింది. అదే పడవల్లో వాళ్ళు తీరానికి తీసుకెళ్ళినది ఒలివెల్లా గవ్వల్ని రాతి మొనలతో తొలిచి చేసిన పూసలు. దక్షిణ కాలిఫోర్నియా అంతటా అవి డబ్బుగా చెల్లేవి. కరువొచ్చిన ఏడు ఆ పూసలిచ్చి ఓక్ గింజలు తెచ్చుకునేవారు. దీవి మీదే మొత్తం బతుకు వేలాడదీయకపోవడం వాళ్ళ తెలివి.

మేం భోజనానికి కూర్చున్న బల్ల దగ్గరికి ఒక నక్క వచ్చింది. పిల్లికన్నా పెద్దదేం కాదు, రెండు కిలోలుంటుందేమో. బూడిదరంగు వీపు, చెవుల వెనక తుప్పు రంగు. మా సంచీ జిప్పు దగ్గర ముక్కు పెట్టి నిదానంగా వాసన చూసి, ముందుకాలితో లాగింది. క్యాంపుల్లో తిండి దాచడానికి ఇనుప పెట్టెలు పెట్టింది ఇందుకే. ఈ జాతి నక్క ప్రపంచంలో ఈ దీవుల్లో తప్ప ఎక్కడా లేదు, ఎనిమిది ఛానల్ దీవుల్లో ఆరింటిలో ఉంది. దక్షిణాది దీవులకు దాన్ని పడవలో తీసుకెళ్ళింది మనుషులే అని పరిశోధకుల మాట. మనుషులతో పాటు నక్కల్ని పూడ్చిన సమాధులు కూడా దొరికాయి. ఇక్కడి సహజ సంపద అని పార్కు బోర్డు మీద బొమ్మ వేసుకున్న జంతువు ప్రయాణంలో మనిషి చెయ్యి ఉందన్నమాట. అందువల్ల దాని విలువ నా కళ్ళలో ఏమీ తగ్గలేదు.

ఇక తర్వాతి కథ వేగంగా నడుస్తుంది. 1542లో స్పెయిన్ తరఫు నావికుడు కాబ్రిల్లో ఓడలు వచ్చాయి. 1782లో వెంచురాలో స్పానిష్ క్రైస్తవ మిషన్ వెలిసింది. తట్టు వంటి రోగాలు ఊళ్ళను ఊడ్చేశాయి. 1820ల నాటికి దీవుల్లో మిగిలిన చుమాష్‌లను తీరంలోని మిషన్లకు తరలించేశారు. పదమూడు వేల ఏళ్ళ కాపురం అలా ఖాళీ అయింది. అదే కాలంలో చైనా మార్కెట్టు కోసం నీటికుక్కల్ని బొచ్చుకు వేటాడారు. 1911లో అంతర్జాతీయ ఒప్పందంతో ఆ వేట ఆగేనాటికి కాలిఫోర్నియాలో వాటిలో బతికున్నది బిగ్ సర్ దగ్గర దాక్కున్న ఓ చిన్న గుంపు. గొర్రెలు దీవిని గొరిగేశాయి, పందులు తవ్వేశాయి. డీడీటీ విషంతో బాల్డ్ ఈగిల్స్ పోయాయి. వాటి స్థానంలోకి పందిపిల్లల కోసం గోల్డెన్ ఈగిల్స్ వచ్చి నక్కల్ని కూడా ఎత్తుకుపోయాయి. 2000 ప్రాంతంలో శాంటా క్రూజ్‌లో నక్కలు వందకు లోపుకు పడిపోయాయి. పందుల్ని తొలగించి, గోల్డెన్ ఈగిల్స్‌ను పట్టి వేరేచోట వదిలి, నక్కల్ని బోనుల్లో పెంచి విడిచిపెట్టాక, 2016లో వాటిని అంతరించే జాబితా నుంచి తీశారు. మా సంచీ లాగిన నక్క ఆ కష్టం వల్ల బతికి ఉన్నదే.

సముద్రం సంగతే ఇంకా సర్దుకోలేదు. నీటికుక్కా లేదు, చుమాషూ లేడు. అబలోన్‌లకు పగ్గం లేకుండా పోయింది, బండల మీద ఒకదానిపై ఒకటి పేరుకున్నాయి. 1850ల నుంచి చైనా వలస జాలర్లు వచ్చి వాటిని ఉడకబెట్టి, ఎండబెట్టి ఓడలకెక్కించారు. తర్వాత జపాన్ నుంచి వచ్చిన డైవర్లు, ఆ తర్వాత అమెరికన్ కంపెనీలు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో పడవల కొద్దీ అబలోన్ రేవుకు చేరేది. అధికారులు, జాలర్లు ఆ రాశుల్నే ఈ సముద్రపు మామూలు దిగుబడి అనుకున్నారు, ఎంత పట్టవచ్చన్న లెక్కలు దాని ప్రకారమే వేశారు. కానీ అది మామూలు కాదు. వేల ఏళ్ళుగా గుల్లను అదుపులో ఉంచిన రెండు ప్రాణుల్నీ తుడిచిపెట్టాక కొన్ని దశాబ్దాలు వచ్చిన పొంగు మాత్రమే. దిబ్బల్ని చదివిన పరిశోధకులు తేల్చింది ఇదే. 1980ల మధ్యలో వచ్చిన ఒక రోగం నల్ల అబలోన్‌ను కుప్పకూల్చింది. 1997లో శాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణాన అబలోన్ పట్టడం పూర్తిగా ఆపేశారు. 2001లో తెల్ల అబలోన్, 2009లో నల్ల అబలోన్ అంతరించే ప్రాణుల జాబితాకెక్కాయి.

పదివేల ఏళ్ళు తిన్నా మిగిలినది నూట యాభై ఏళ్ళలో ఎలా అయిపోయింది? చుమాష్‌లు మనకన్నా మంచివాళ్ళని నేననను. వాళ్ళు తిన్నది తామున్న ఒడ్డునుంచి. గుల్ల చిన్నదైతే మర్నాడు ఆకలి వాళ్ళ పిల్లలదే. అందుకే చేప వైపు, పూసల వ్యాపారం వైపు తిరిగారు. తర్వాత వచ్చినవాళ్ళు పట్టినది ఓడెక్కి వెళ్ళిపోయేది. ఇక్కడ అయిపోతే ఇంకో తీరం ఉండేది. గుల్ల చిన్నదవుతోందన్న కబురు తినేవాడికి చేరేది కాదు. నా మట్టుకు నాకు తేడా ఇక్కడే కనిపిస్తోంది.

సాయంత్రం పడవ వచ్చేలోపు అల్లుడు, అమ్మాయి స్నార్కెల్ పెట్టుకుని నీళ్ళలోకి దిగారు. స్కార్పియన్ చుట్టూ 2003 నుంచి చేపలవేట నిషిద్ధం. ఒడ్డున నిలబడ్డ నాకే నీళ్ళలో బంగారు రంగు నాచు తీగలు ఊగడం, వాటి మధ్య నారింజ రంగు గారిబాల్డి చేపలు మెల్లగా తిరగడం కనిపించాయి. చుమాష్‌లూ తిరిగొచ్చారు. కొత్తగా కట్టిన టోమోల్‌లో 2001లో తీరం నుంచి ఈ దీవికి తెడ్లు వేసుకుంటూ దాటారు. అలా దాటడం నూరేళ్ళ పైన తర్వాత అదే మొదలు. 2024లో ఉత్తరపు తీరంలో వాళ్ళ పేరుతోనే చుమాష్ హెరిటేజ్ సముద్ర సంరక్షణ ప్రాంతం ఏర్పడింది. దాని నిర్వహణలో ఆదివాసులకు కూడా భాగం ఉంది.

మీరు కాలిఫోర్నియాలో పిల్లల దగ్గరికి వెళ్తే ఒక రోజు ఈ దీవికి కేటాయించండి. కాలిబాట పక్కన నల్లమట్టిలో మెరిసే గుల్ల కనిపిస్తే కూర్చుని చూడండి, ఫోటో తీసుకోండి, జేబులో మాత్రం వేసుకోకండి. చట్టం ఒప్పుకోదన్నది ఒక కారణం. ఏ పొరలో ఏ గుల్ల ఎంత పెద్దది అన్నదే అక్కడున్న ఆధారమంతా అన్నది అంతకన్నా పెద్ద కారణం. బతికున్న అబలోన్ జోలికీ వెళ్ళకండి, 1997లో శాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణాన పెట్టిన నిషేధం ఇంకా ఎత్తేయలేదు.